నీలం బకెట్టులో సమ్మెట

నేను ఒక తల పగలగొట్టవలసిన సమ్మెటని. పగలగొట్టలేదు. అందులో నా మంచితనం ఏమీ లేదు. నన్నెత్తిన చెయ్యి ఆ రోజు గట్టిగానే ఎత్తింది, గురి కూడా తప్పలేదు. అయినా ఆ తల ఈ రోజుకీ పొద్దున్నే కొబ్బరినూనె రాసుకుని, నున్నగా దువ్వుకుని, వంటింటి కిటికీలోంచి నన్నొకసారి చూసి లోపలికి పోతూనే ఉంది. అదెలా జరిగిందో నాకూ, ఇంకొక్క మనిషికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆ మనిషి చెప్పదు. అందుకని నేనే చెప్పాల్సి వస్తోంది.

నా పుట్టుకే దెబ్బలతో మొదలైంది. అంతకుముందు నేనొక లారీకి ఇరుసుని. ఘాట్ రోడ్డు మలుపులో విరిగాను. లారీ లోయలో పడింది. లోపల ఉన్నవాళ్ళ సంగతి నేను చెప్పను, చెప్పినా మీరు వినలేరు. విరిగిన ముక్కని ఒక కమ్మరి తూకానికి కొన్నాడు. మనుషులు పిల్లల్ని కంటే ఊయల్లో వేస్తారు, మమ్మల్ని మాత్రం దాగలి దిమ్మ మీద వేస్తారు. కొలిమిలో తెల్లగా కాల్చి, తండ్రీ కొడుకులు ఇద్దరూ చెరో పక్క నిలబడి నన్ను చావబాదారు. పిడి కోసం నడుమ కన్నం పొడిచారు. ఇక అయిపోయిందనుకునేసరికి నీళ్ళలో ముంచారు. సుయ్యిమన్న ఆ కేక నాదే. తర్వాత తుమ్మకర్ర చెక్కి నా కన్నంలో దిగగొట్టి, "ఇది ముగ్గురు మొగాళ్ళ పని చేస్తది" అని కమ్మరి మురిసిపోయాడు. ఏం పని చేస్తానో ఆయన ఆలోచించలేదు. కన్నవాళ్ళెవరూ ఆలోచించరు.

మొదట ఒక రాళ్ళ క్వారీకి వెళ్ళాను. అక్కడ నన్ను వాడినవాడు బలమైనవాడే, పాపం, పాటలు కూడా పాడేవాడు. ఒక దెబ్బకి రాయి పేలి, రాతి పెచ్చు ఒకటి ఎగిరి అతని కంట్లో దిగింది. అతని భార్య ఏడుస్తూ వచ్చి రాయిని తన్నలేదు, మొగుణ్ణి తిట్టలేదు, నన్ను పట్టుకుని "దీని మొహం మండా, దరిద్రపుగొట్టు ఇనుం" అని గోతిలోకి విసిరింది. మనుషులకిది అలవాటు. చెడు జరిగితే ఇనుము చెడ్డది, మంచి జరిగితే వాళ్ళ చెయ్యి మంచిది. గోతిలోంచి ఎవరో తీసి ఊటుకూరిపేటలోని పాత ఇనుప కొట్టుకి అమ్మేశారు. మస్తాన్‌వలీ అనే అతను దాని యజమాని. అక్కడ తుప్పు పట్టిన గేట్ల మధ్య చాలాకాలం పడి ఉన్నాను.

అక్కడికి వచ్చింది శేషారత్నం.

సన్నటి మనిషి, యాభై దాటిన వయసు, చేతిలో ప్లాస్టిక్ బుట్ట. సమ్మెట కొనేవాళ్ళు ఎవరైనా ఎత్తి బరువు చూస్తారు. ఆమె వంగి నా మొహం మీది మరకలు చూసింది.

"అబ్బాయ్, ఇది ఎవర్నన్నా చంపిందా?"

మస్తాన్‌వలీ బీడీ పక్కన పెట్టాడు. "ఇనుం ఎవర్ని చంపుద్దమ్మా. తుప్పది."

"తుప్పూ ఎర్రగానే ఉంటది, రక్తం ఎండినా ఎర్రగానే ఉంటది."

"అంత అనుమానమైతే బజార్లో కొత్తది కొనుక్కో. రేటు రెండింతలు. బోణీ నువ్వే చెయ్యొచ్చు."

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. మళ్ళీ వచ్చింది. రెండింతలనే మాట ఆమెని వెనక్కి తెచ్చింది. పిడి పట్టుకుని కదిపింది. నా తల కొంచెం ఊగింది.

"ఊగుతోంది. ఎత్తినప్పుడు ఊడిపోయి ఎవడి నెత్తిన పడుద్దో."

"నీళ్ళలో పెట్టమ్మా. పని లేనప్పుడు తల మునిగేట్టు బకెట్లో నిలబెట్టు. కర్ర ఉబ్బి బిగుసుకుంటది, ఇక ఏనుగు లాగినా రాదు. ఎండలో మాత్రం వదలమాక. ఎండిందంటే కర్ర సన్నబడి, తల నీ మాట వినదు."

మందుల షాపులో చీటీ చదివించుకున్నట్టు ఆ మాటలు అతనిచేత మళ్ళీ చెప్పించుకుంది. తర్వాత నన్ను చీర కొంగుతో చుట్టి, ఆటో ఎక్కి, దారి పొడుగునా రెండు చేతులతో ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. ఆటో గతుకులో పడితే నేను కిందపడి ఎవరి కాలో విరగ్గొడతానని ఆమె భయం. నన్ను ఒళ్ళో పెట్టుకున్న మొదటి మనిషి ఆమె.

శేషారత్నం ఇల్లంటే ఒక గది, ముందు ఒక వసారా, వెనక దొడ్డి. గదిలో కొడుకు వీరరాఘవులు, కోడలు మల్లీశ్వరి పడుకుంటారు. ఆమె వసారాలో పడుకుంటుంది. గదికి తలుపుంది గానీ గోడ పలచన. కొత్తగా పెళ్ళయినవాళ్ళు గుసగుసగా మాట్లాడుకోవాలి, నవ్వొస్తే దిండు నోట్లో పెట్టుకోవాలి. ఈమె బయట గట్టిగా గురక పెడుతున్నట్టు నటించాలి. అందుకే పడమటివైపు ఇంకొక గది వెయ్యాలనుకున్నారు. పగలగొట్టే పనికి కూలీలను పెడితే ఖర్చు తట్టుకోలేమని, అది తానే చేసుకుంటానన్నాడు రాఘవులు. అతను మిర్చి కోల్డ్‌స్టోరేజీలో మోటార్లు చూసే మనిషి, చేతుల్లో సత్తువుంది. కోపం అంతకంటే ఎక్కువుంది.

ఆ కోపమే శేషారత్నానికి ప్రాణసంకటం. కొడుకు ఇంటికి రావడం కాస్త ఆలస్యమైతే లారీ కింద పడ్డాడనుకుంటుంది. ఫోను మోగితే ముందు కూలబడి, తర్వాత ఎత్తుతుంది. పాలు పొంగినా, పిల్లి అరిచినా ఆమె చెయ్యి గుండెల మీదికి పోతుంది. వీధిలో వాళ్ళు నవ్వుకుంటారు. నేను నవ్వలేను. ఎందుకంటే ఆమె భయపడినది ఒకసారి జరిగింది. ఆమె మొగుడు రామకోటయ్యని పొలంలో సొంత అన్నే పలుగుతో కొట్టి చంపాడు. గట్టు జానెడు ఇటు జరిగిందని ఒకడు, జరగలేదని ఒకడు. ఆ రోజు రాఘవులు ఆమె చంకలో ఉన్నాడు. తండ్రి బుర్రలోంచి వచ్చింది వాడి గౌను మీద కూడా పడింది. ఆ గౌను ఉతికి, ఆరేసి, మడత పెట్టుకుని, బిడ్డని ఎత్తుకుని ఈ పేటకి వచ్చేసింది. ఆ గట్టు ఇప్పుడు ఎటువైపుందో మళ్ళీ వెళ్ళి చూడలేదు.

అలాంటి మనిషి కొడుకు గది కడతానన్నప్పుడు సంతోషించాలా, భయపడాలా. రెండూ చేసింది.

మునిసిపల్ ఆఫీసులో అనుమతి కావాలి, దానికి ప్లాను కావాలి. ప్లాను గీసే ఆయన వచ్చి టేపు పట్టి కొలిచాడు. పడమటివైపు ఉన్నది బసవయ్య ఇల్లు. మిర్చి యార్డులో కాటా దగ్గర పనిచేసి మానేసిన మనిషి. ఆయన గోడకీ, కట్టబోయే గదికీ మధ్య మీటరు ఖాళీ వదలాలన్నాడు ప్లానాయన. దాన్ని సెట్‌బ్యాక్ అంటారట. శేషారత్నం నోటికి అది సెట్‌బ్యాగ్ అయింది. చివరి దాకా అలాగే అంది.

"మీటరు వదిలితే గదిలో మంచం పడుద్ది, బీరువా పట్టదు," అన్నాడు రాఘవులు. "బీరువా పెడితే మంచం నిలబెట్టి పడుకోవాలి."

"కాయితం మీద వదులుదాం," అన్నాడు ప్లానాయన. "కాయితం ఆఫీసోళ్ళది, ఇల్లు మీది. అందరూ చేసేదేగా."

"అది వద్దురా," అంది శేషారత్నం. "ఆ సెట్‌బ్యాగేదో వదిలేద్దాం. బీరువా వసారాలో పెట్టుకుందాం."

"నువ్వెక్కడ పడుకుంటావు మరి, బీరువాలోనా?"

మల్లీశ్వరి ఫక్కున నవ్వింది. నవ్వేసరికి మాట తేలిపోయింది. అనుమతి కాగితంలో మీటరు వదిలారు, నేల మీద బసవయ్య గోడ దాకా ముగ్గు పోశారు.

తర్వాత నా పని మొదలైంది. పడమటి పాతగోడ సున్నపు గోడ. రాఘవులు నన్ను భుజం మీదుగా తిప్పి కొట్టేవాడు. మొదటి దెబ్బకి గోడ ఉలిక్కిపడింది. తర్వాతి దెబ్బలకి పగుళ్ళు సాలెగూడులా పాకి, పొట్ట ఉబ్బి, ఒక్కసారిగా కూలింది. ఇటుకలు విరిగి ఎర్రటి దుమ్ము లేచింది. ఆ దుమ్ములో రాఘవులు కళ్ళు మెరిసేవి. కొట్టడం అతనికి ఇష్టం. కోల్డ్‌స్టోరేజీ మేనేజరు తిట్టిన తిట్లన్నీ ఆ గోడ మీద తీర్చుకునేవాడు. శేషారత్నం దూరంగా నిలబడి, దెబ్బ దెబ్బకీ కళ్ళు మూసుకుంటూ, "నిదానం నాయనా, ఊడిపోద్ది, ఊడిపోద్ది" అంటూనే ఉండేది.

పని ఆగగానే నన్ను తీసుకుపోయి దొడ్లో నీలం బకెట్టులో నిలబెట్టేది. ఆ ఇంట్లో పెద్ద బకెట్టు అదొక్కటే.

"అత్తా, బట్టలు ఎందులో నానబెట్టాలి?"

"సమ్మెట నానాక నానబెడుదువు."

"అది మీ పుట్టింటివారు పెట్టిన సారె అయినట్టు చూసుకుంటన్నారు."

"తల ఊడి నీ మొగుడి మీద పడితే అప్పుడు తెలుస్తది నీకు."

రోజూ నీళ్ళు మార్చేది. వేలితో నా కన్నం చుట్టూ తడిమి, కర్ర బిగుసుకుందో లేదో చూసేది. ఒళ్ళు కాలుతున్న బిడ్డ మెడ కింద చెయ్యి పెట్టి చూసినట్టు చూసేది. బండల్ని, గోడల్ని బద్దలు చేయడానికి పుట్టిన నాకు అదెంత కొత్తో చెప్పలేను.

గోడలు లేచాయి. ఏసోబు మేస్త్రీ ఇటుక పేరుస్తుంటే బసవయ్య తన వంటింటి కిటికీలోంచి చూశాడు. ముందు పరాచికంగానే అన్నాడు.

"ఏంది అల్లుడూ, నా కిటికీలోనే కాపురం పెడతావా?"

శేషారత్నం ఆయన్ని అన్నయ్యా అంటుంది. ఆ వరసన రాఘవులుకి ఆయన మావయ్య.

"కాస్త సర్దుకో మావయ్యా. నీకు ఇంకో కిటికీ లేదా?"

"ఉంది. అది నీ అత్త ఊపిరి పీల్చేది కాదు. పొయ్యి ఇటు పక్కనుంది."

ఆయన మాటా నిజమే. గోడ కిటికీ సగం దాకా వచ్చేసరికి ఆ ఇంట్లో పోపు వేస్తే పొగ అక్కడే తిరిగేది. ఆయన భార్యకి ఉబ్బసం. దగ్గు మాకు వినపడేది. గోడ ఇంకొక వరస పెరిగిన రోజు బసవయ్య చేతికర్రతో పచ్చి గోడని పొడిచి ఇటుకలు పడేశాడు. రాఘవులు ఆయన చొక్కా పట్టుకుని గుంజాడు. ఆయన రాఘవులు చెంప మీద కొట్టాడు. ఏసోబు మేస్త్రీ తాపీ చేతిలో పట్టుకునే ఇద్దరి మధ్యా దూరాడు. తాపీ అంచు తగిలి మేస్త్రీ చెయ్యే తెగింది. తెగిన చేతికి శేషారత్నం పసుపు అద్దింది. "చూశావా, రక్తం వచ్చింది, మొదటి రక్తం వచ్చింది," అని అదే మాట అనుకుంటూ ఉంది. బసవయ్య అదే రోజు ఆఫీసుకి పోయి ఫిర్యాదు ఇచ్చి వచ్చాడు.

నోటీసు వచ్చింది. రాఘవులు దాన్ని చదివి, చించి, పొయ్యిలో వేసి, మరుసటి వారం స్లాబు పోయించాడు. స్లాబు పడితే ఎవడూ ఏమీ చెయ్యలేడని ఎవరో చెప్పారట.

స్లాబు ఆరిన తర్వాత ఒక సాయంత్రం ప్లానాయన వచ్చి వసారాలో కూర్చున్నాడు.

"ఈ వారంలో ఆఫీసోళ్ళు వస్తారు. కంగారు పడొద్దు. స్లాబుకి చిన్న బొక్క పెట్టి, ఫోటో తీసుకుని పోతారు. కూల్చినట్టు వాళ్ళ లెక్కలో పడుద్ది. మర్నాడు సిమెంటు పెట్టి పూడ్చుకోండి. మన పేటలో బొక్క లేని స్లాబు ఎక్కడుంది?"

ఆ పద్ధతి విని నేను ఆశ్చర్యపోయాను. చట్టానికి కోపం వస్తే ఒక చిల్లు పెట్టి ఫోటో తీసుకుని చల్లబడుతుందట. మనుషులు కూడా అలా చల్లబడితే ఎంత బాగుండేది.

రాఘవులు చల్లబడలేదు. "బొక్కతో పోతే పోనీ," అన్నాడు. "ఆ ముసలాడు ముందుండి గోడ కూల్పించాడనుకో, సమ్మెట తలుపెనకే ఉంటది. గోడకంటే ముందు ఆడి బుర్ర కూలుద్ది."

ప్లానాయన నవ్వాడు. మల్లీశ్వరి "ఊరుకోండి" అంది. శేషారత్నం మాత్రం నవ్వలేదు, ఊరుకోమనలేదు. టీ గ్లాసులు ఏరుకుని దొడ్లోకి పోయింది. రామకోటయ్య అన్న కూడా అలా ముందే చెప్పాడు. అందరూ నవ్వారు.

మర్నాడు పొద్దున్నే ఆమె దొడ్లోకి వచ్చింది. బకెట్టులోంచి నన్ను తీసి, తడి కర్ర పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఆమె పెదాలు కదులుతుంటే నాకు వినపడింది. దీన్ని దాస్తే పలుగు తీస్తాడు. పలుగు దాస్తే ఊచ తీస్తాడు. ఊచలన్నీ దాచినా ఇటుకలు ఎన్నని దాస్తాను. కట్టే ఇంట్లో చంపడానికి పనికిరాని వస్తువేది. కాబట్టి వాడు దేన్ని తీస్తానన్నాడో అదే వాడి చేతికి అందాలి.

నన్ను భుజాన పెట్టుకుని నిచ్చెన ఎక్కింది. నిచ్చెన ఎక్కడమంటే ఆమెకి ప్రాణం పోయేంత భయం. మెట్టు మెట్టుకీ దేవుణ్ణి పిలిచింది. కొత్త స్లాబు మీద, నీడ పడని చోట నన్ను పడుకోబెట్టి దిగిపోయింది.

అవి రోహిణి కార్తె ఎండలు. స్లాబు పెనంలా కాలింది. నాకు నిప్పు కొత్త కాదు, కానీ నా కర్ర చెట్టు బిడ్డ, తట్టుకోలేకపోయింది. తాగిన నీళ్ళన్నీ కక్కింది. లోపల్నుంచి చిటపటమంటూ సన్నటి పగుళ్ళు వచ్చాయి. నా కన్నం గోడల్ని గట్టిగా కావిలించుకుని ఉన్నది కాస్తా మెల్లగా వదిలేసింది. సందులోంచి వెలుతురు కనపడింది. సాయంత్రం ఆమె వచ్చి నన్ను తీసుకుపోయి, నీళ్ళలో కాదు, రాఘవులు చెప్పిన తలుపు వెనకే నిలబెట్టింది. మర్నాడు మళ్ళీ స్లాబు మీదికి. ఆ మర్నాడు మళ్ళీ. ఎండ ఎక్కువైతే జనం తిట్టుకుంటారు. ఆమె ఒక్కతే ఆకాశం వైపు చూసి, మబ్బు లేదని ఊపిరి పీల్చుకునేది.

ఆఫీసువాళ్ళు పొద్దున్నే వచ్చారు, నన్నింకా స్లాబు ఎక్కించలేదు, తలుపు వెనకే ఉన్నాను. టౌన్ ప్లానింగ్ ఉద్యోగి ఒకాయన, పనివాళ్ళిద్దరు. పనివాళ్ళలో ఒకడు గోడకి ఆనించిన పలుగు తీసుకున్నాడు. రెండోవాడు అటూ ఇటూ చూసి తలుపు వెనక నన్ను పట్టుకున్నాడు. ఎత్తబోయి ఆగాడు.

"ఏందమ్మా ఇది, తల వదులుగా ఉంది. ఊడి ఎవడి మీదన్నా పడుద్ది."

శేషారత్నం గబగబా వచ్చి అతని చేతిలోంచి నన్ను లాక్కుంది. "దాని సంగతి నీకెందుకయ్యా. గవర్నమెంటోళ్ళు సొంత సామాను తెచ్చుకోవద్దా?" అంది. అంత గట్టిగా ఆమె ఒక ఉద్యోగి ముందు మాట్లాడటం అదే మొదలు. నన్ను మళ్ళీ అక్కడే నిలబెట్టి, నా తలని కర్ర మీద సరిగ్గా కూర్చోబెట్టింది.

పైన పలుగు దెబ్బలు మొదలయ్యాయి. స్లాబు నెత్తిన పిడుగులు పడుతున్నట్టుంది. సిమెంటు పెళ్ళలు గదిలోకి రాలాయి. ఒక చోట ఆకాశం కనపడింది, రెండు ఊచలు ఎముకల్లా బయటికొచ్చాయి. ఉద్యోగి ఫోను తీసి ఫోటో తీసుకున్నాడు. అంతా ప్లానాయన చెప్పినట్టే జరిగింది. వాళ్ళు చెప్పులు వేసుకుంటున్నారు కూడా.

అప్పుడు బసవయ్య గేటు తోసుకుని వచ్చాడు.

"ఏందయ్యా, స్లాబుకి చెవి కుట్టి పోతన్నారా? గోడ సంగతేంది? నా ఆడమనిషి ఊపిరాడక చస్తంటే మీకు ఫోటోలా?"

"ప్రొసీజరు ప్రకారం చేస్తామండీ, మీరు కాస్త..."

"ప్రొసీజరు నాకు చెప్పమాక. గోడ పగలగొట్టేదాకా కదలనివ్వను."

"మావయ్యా, మర్యాదగా బయటికి పో," అన్నాడు రాఘవులు. గొంతు మామూలుగానే ఉంది. అదే శేషారత్నానికి నచ్చలేదు. ఆమె వచ్చి కొడుకు వెనక నిలబడింది.

"పోకపోతే ఏం చేస్తావురా? నీ తండ్రి కూడా జానెడు నేల కోసం ఇట్టాగే ఎగిరాడు. బుర్ర పగిలి చచ్చాడు. నీకూ ఆ బుద్ధే, నీకూ ఆ చావే."

అనేసిన తర్వాత బసవయ్య కూడా ఆగాడు. ఆ మాట అనాలని ఆయన వచ్చి ఉండడు. కానీ మాట వచ్చేసింది.

రాఘవులు తలుపు వెనకనుంచి నన్ను లాగాడు. మల్లీశ్వరి కేక నాకు వినపడింది. ఉద్యోగి ఒంటికాలి చెప్పుతో గేటు వైపు పరిగెత్తాడు. రాఘవులు రెండు చేతులతో పిడి పట్టి, ఒళ్ళంతా విల్లులా వంచి, నన్ను నెత్తి మీదుగా వెనక్కి ఎత్తాడు. గోడల్ని కొట్టేటప్పుడు ఎత్తినట్టే ఎత్తాడు. కింద బసవయ్య తల, నూనె రాసి పాపిడి తీసిన తల, తెల్లగా కనపడింది. ఆయన చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు.

ఆ ఎత్తులో, వెనక్కి వాలిన ఆ క్షణంలో, నా కర్ర నన్ను వదిలేసింది.

ఏ చప్పుడూ లేదు. కన్నంలోంచి కర్ర జారింది, నేను ఇటు వచ్చాను, కర్ర అటు పోయింది. బోడి కర్ర బలమంతా పెట్టి దిగి బసవయ్య భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఎండు కంపని తొక్కినట్టు వినపడింది. ఆయన కూలబడ్డాడు. నేను వెనక్కి ఎగిరాను. వెనక శేషారత్నం ఉంది. ఆమె కొడుకు చొక్కా వెనకనుంచి పట్టుకుని ఉంది, వదల్లేదు, పక్కకి తప్పుకోలేదు. నేను నేరుగా ఆమె కుడిపాదం మీద పడ్డాను.

ఆ పాదం నా కింద ఎలా నలిగిందో నాకు తెలుసు. క్వారీలో రాళ్ళు కూడా నాకు అంత మెత్తగా తగల్లేదు. బొటనవేలి గోరు విరిగి మాంసంలోకి దిగింది. గచ్చు మీద రక్తం మడుగు కట్టింది. ఆమె అరవలేదు. కింద కూర్చుని, నన్ను కాదు, తన కాలిని కాదు, బసవయ్య తల వైపు చూసింది. అది భుజాల మీదే ఉంది. మూలుగుతోంది, బూతులు తిడుతోంది.

"బతికాడు," అంది. "నాయనా, బతికాడు." అప్పుడు తప్పింది స్పృహ.

రాఘవులు చేతిలోని కర్ర వైపు చూశాడు. దాని కొస ఖాళీగా ఉంది. వెనక్కి తిరిగి తల్లి కాలు చూశాడు. కర్ర పడేసి, చొక్కా విప్పి ఆ కాలికి చుట్టాడు.

వీధిలో దొరికింది ఒకటే ఆటో. అందులో ఒక పక్క శేషారత్నం, ఒక పక్క బసవయ్య, మధ్యలో ఇద్దరినీ పట్టుకుని రాఘవులు. ఆటోవాడు ఇంటికి తిరిగొచ్చి నన్ను చూస్తూ మల్లీశ్వరికి చెప్పాడు, దారిలో జరిగింది. గతుకులో ఆటో ఎగిరినప్పుడల్లా ఇద్దరూ కలిసి కేక పెట్టేవారట. శేషారత్నానికి తెలివి రాగానే, "నిదానం నాయనా, లారీ వస్తంది చూసుకో," అందట.

"చెల్లెమ్మా, నీ కొడుకు నన్ను చంపబోతే బతికా, ఇప్పుడు ఆటోవాడు చంపుతాడా?" అన్నాడట బసవయ్య. కాసేపు మూలిగి, రాఘవులుతో, "ఒరేయ్, కర్రకే నా భుజం పోయింది. ఇనుం ఉండుంటే నువ్వు నన్ను ఇటు తీసుకొచ్చేవాడివి కాదు," అన్నాడట. రాఘవులు ఆయన మీదికి వాలి ఏడ్చాడట. "భుజం మీద పడమాకరా, విరిగింది అదే" అన్నాడట ఆయన.

ఆస్పత్రిలో పోలీసు అడిగితే ఇద్దరూ కొత్తింటి నిచ్చెన మీంచి పడ్డామన్నారట. ఒకే నిచ్చెన మీద ఇద్దరూ ఎందుకెక్కారని పోలీసు అడిగాడట. "స్లాబు చూడ్డానికి," అందట శేషారత్నం. బసవయ్య పెద్ద మనసుతోనే అలా చెప్పాడని నేను అనుకోను. తను అన్న మాట కాగితం మీద పడటం ఆయనకీ ఇష్టం లేదు. మంచితనం, సిగ్గు కలిసి వచ్చినప్పుడు దేని వాటా ఎంతో ఇనుముకి తెలియదు.

గోడ కూల్చింది రాఘవులే. నాకు కర్ర లేదు కాబట్టి అద్దె సమ్మెట తెచ్చాడు. ఈసారి అతని కళ్ళు మెరవలేదు. ఒక్కో దెబ్బ కొట్టి, ఆగి, సమ్మెట తల తడిమి చూసుకునేవాడు. కొత్త గోడ మీటరు లోపలికి జరిగింది, మిగిలిన స్లాబు ముక్క కోయించారు. ఖర్చు ముందు అనుకున్నదాన్ని దాటి ఎక్కడికో పోయింది, మల్లీశ్వరి గొలుసు కూడా అందులోనే పోయింది. గదిలో మంచం పట్టింది, బీరువా పట్టలేదు. బీరువా వసారాలోకి వచ్చింది. దాని పక్కన మిగిలిన జాగాలో శేషారత్నం కాళ్ళు ముడుచుకుని పడుకుంటుంది. కుడికాలు పూర్తిగా ముడవలేదు, అది బయటికే ఉంటుంది. ఆఫీసువాళ్ళు పెట్టిన బొక్క ఎంత పూడ్చినా వానకి కారుతుంది. దాని కింద గిన్నె పెడతారు.

నన్ను తీసుకొచ్చి ఆ మీటరు ఖాళీలో పడేశారు. ఇటు వాళ్ళ గోడ, అటు బసవయ్య గోడ, నడుమ నేను. ఇది వాళ్ళ జాగానే, అయినా వాళ్ళది కానట్టే ఉంటుంది. ఎవరూ రారు. పిల్లులు వస్తాయి. బసవయ్య కిటికీలోంచి పోపు పొగ నా మీదుగా పైకి పోతుంది. ఆయన భార్య దగ్గు తగ్గింది. గాలి ఆడటం కోసం మనుషులు ఇంత నేల ఖాళీగా వదలాలని ఎవరో రాశారు. ఆ గాలికి ఎంత రక్తం అయిందో వాళ్ళకి తెలియకపోవచ్చు. నాకు ఎవరూ మళ్ళీ కర్ర పెట్టలేదు. తుప్పు పొరలు పొరలుగా వస్తోంది. మంచిదే.

మొన్నొక మధ్యాహ్నం రాఘవులు ఈ సందులో పైపు బాగుచెయ్యడానికి వచ్చాడు. నన్ను చూసి గొంతుక్కూర్చున్నాడు. చేత్తో నా కన్నం తడిమాడు. తల్లి కుంటుకుంటూ అతనికి మంచినీళ్ళు తెచ్చింది.

"అమ్మా, నువ్వు దీన్ని రోజూ నీళ్ళలో పెట్టేదానివిగా. ఆ రోజు ఎట్టా ఊడింది?"

శేషారత్నం గ్లాసు అతని చేతికిచ్చింది. కుడికాలి మీది బరువు ఎడమకాలి మీదికి మార్చుకుంది.

"బకెట్టు కావాల్సొచ్చిందిరా. నీ పెళ్ళాం ఒకటే గోల, బట్టలు నానబెట్టుకోవాలని."

రాఘవులు తలూపి నీళ్ళు తాగాడు. ఆమె నా వైపు చూడకుండా, గోడ పట్టుకుని మెల్లగా వెళ్ళిపోయింది.

ఆ స్లాబు మీద పడుకున్న రోజుల్లో నాకు ఎండ తప్ప చూడటానికి ఏమీ లేదు. అందుకని దొడ్డి వైపు చూస్తూ ఉండేదాన్ని. నీలం బకెట్టు తులసికోట పక్కన బోర్లించి ఉండేది. దాని అడుగున దుమ్ము పట్టింది. ఆ దుమ్ముని ఎవరూ కదపలేదు.